ఇచ్చెయ్యడానికే తెచ్చుకుంటాను

మా ఇంట్లో కుక్క లేదు. కానీ మీరు ఎప్పుడొచ్చినా మా ఇంట్లో ఓ కుక్క కనిపిస్తుంది. ఒక్కోసారి పిల్లి. పోయినసారి చూసిన కుక్క ఈసారి ఉండదు, దాని చోట ఇంకోటి ఉంటుంది. ఈ లెక్క మా చుట్టాలకు అంతుపట్టదు. మా చిన్నాడబిడ్డ అయితే మొహం మీదే అడిగింది: "గింత కష్టపడి సాకి ఎవలికో ఇచ్చుడేంది వదినె? నీకు మనసెట్ల ఒప్పుతది?"

నల్లగొండలో ఈ ప్రశ్న నాకు ఎక్కడ పడితే అక్కడ ఎదురవుతుంది. ప్రకాశం బజారులో కూరగాయలు కొంటుంటే, స్కూల్ స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా విప్పుతుంటే. అడిగేవాళ్ళలో ఎక్కువమంది కుక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళే. "నేనైతే ఇవ్వలేనమ్మా, నాది మెత్తటి మనసు" అంటారు. అంటే నాది రాతి గుండె అన్నమాట. నేను దీన్ని ఒప్పుకోను. ఇచ్చేటప్పుడు ఏడుపొస్తుందని అసలు తెచ్చుకోకపోతే, మన కళ్ళు తడవకుండా మిగులుతాయి, ఆ కుక్కపిల్ల మాత్రం దిక్కులేని జంతువులను చేర్చుకునే షెల్టర్ షెడ్డులోనే మిగులుతుంది. దీన్ని మెత్తదనం అనడం నాకు నచ్చదు.

నేను చేసేదాన్ని షెల్టర్ వాళ్ళు ఫాస్టర్ అంటారు. షెల్టర్‌లో ఉన్న జంతువును కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, మందులు వేసి, మనుషుల మధ్య మసలడం అలవాటు చేసి, పెంచుకునేవాళ్ళు దొరకగానే వాళ్ళకు అప్పజెప్పడం. మొదటి రోజు నుంచీ అది మనది కాదు. ఆ సంగతి తెలిసే తెచ్చుకుంటాం.

షెల్టర్ ఉండగా ఇంటికి తేవడం ఎందుకు అనే వాళ్ళు ఒక్కసారి షెల్టర్ చూసి రావాలి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటివి ఉన్నాయి. కానీ మనకు అది వంద కిలోమీటర్ల దూరం. పైగా నగరంలోని షెల్టర్లకు నగరం కుక్కలే ఎక్కువ. మన దగ్గర షెల్టర్ అంటే ఊరి బయట ఎవరో ఇచ్చిన ప్లాటు, నాలుగు రేకులు, చుట్టూ మెష్, జేబులోంచి డబ్బులు పెట్టుకునే నలుగురైదుగురు మనుషులు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయితే వాళ్ళ షెడ్డులోకి పాలు మరిచిన కుక్కపిల్లను పంపమంటే మాత్రం ఒప్పుకోను.

కారణం పార్వో, కుక్కపిల్లలను చంపే వైరస్ జబ్బు. కుక్కలు పెంచినవాళ్ళకు ఈ పేరు వింటేనే టెన్షన్. వాంతులు, నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పిల్ల ఎండిపోతుంది. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మనం నమ్మకంగా కడిగే ఫినాయిల్‌కు చావదు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్ళు కలిపి, ముందు మురికంతా కడిగేసి, ఆ తర్వాత పోసి పది నిమిషాలు ఉంచితే చస్తుంది. సిమెంటు గచ్చు అయితే ఇది కుదురుతుంది. మట్టి నేల షెడ్డును దేంతో కడుగుతాం? టీకా ఉంది కదా అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ తగ్గిపోయాక, టీకా పట్టేలోపు ఒక ఖాళీ ఉంటుంది. పార్వో దూరేది అందులోనే. ఆ కొన్ని వారాలు పిల్ల పది కుక్కల మధ్య ఉందా, ఒంటరిగా ఒక ఇంట్లో ఉందా అనేదాని మీదే దాని ప్రాణం ఆధారపడుతుంది.

రెండో కారణం రోగం కాదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకం పరిచయమయ్యే వయసు. అప్పుడు చూసినవి, విన్నవి దానికి మామూలు విషయాలవుతాయి. చూడనివి జీవితాంతం భయపెడతాయి. మా ఇంట్లో అయితే కుక్కర్ విజిల్, మిక్సీ, పక్కింటి పిల్లల అల్లరి, చెత్తబండి పాట, మా అత్తమ్మ చేతికర్ర, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. షెడ్డులో దొరికేది మిగతా కుక్కల మొరుగుడే. భయపడ్డ కుక్కే ఎక్కువగా కరుస్తుంది. కాబట్టి కుక్కలంటే గిట్టనివాళ్ళకు కూడా దీంతో పని ఉంది.

మన పెద్దవాళ్ళు చిత్తకార్తె కుక్కలు అని ఊరికే అనలేదు. అక్టోబరులో చిత్తకార్తె వస్తుంది, వీధికుక్కలు ఎక్కువగా జతకట్టే కాలం అది. కుక్క మోసేది రెండు నెలలు. అంటే డిసెంబరు చలిలో పుడతాయి, సంక్రాంతి దాటేసరికి తల్లి వెనకాల రోడ్డు మీదకు వస్తాయి. హైదరాబాద్ రోడ్డులో, దేవరకొండ రోడ్డులో బండి కింద పడేవి పడగా మిగిలినవి ఎవరో ఒకరి కంట పడి షెల్టర్‌కు చేరతాయి. అప్పుడు ఒక్కసారిగా షెడ్డు నిండుతుంది. మిగతా ఏడాది అంతగా ఉండదు. ఏడాదికి రెండు నెలల రద్దీ కోసం పెద్ద భవనం కట్టమని మున్సిపాలిటీని అడుగుతాం గానీ, ఆ రెండు నెలలు ఒక్కో కాలనీలో రెండు ఇళ్ళు తలుపు తీస్తే సరిపోతుందని ఎవరికీ తట్టదు.

అలా వచ్చిన వాటిలో ఒక నల్లపిల్ల గురించి చెప్పాలి. ఛాతీ మీద తెల్ల మచ్చ. కాళ్ళు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం బిర్రుగా ఉబ్బి ఉంది. చూసినవాళ్ళంతా "బాగా తింటుంది పాపం" అన్నారు. అది తిండి కాదు, కడుపులో నట్టలు. డాక్టరుగారు బరువు తూచి సిరప్ రాశారు. సిరంజికి సూది తీసేసి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని, దవడ పక్క నుంచి కొంచెం కొంచెంగా పోయాలి. మొహం పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మర్నాడు పొద్దున పేపరు మీద చూస్తే సేమ్యా ఉడకబెట్టి పోసినట్టు ఉంది, అందులో కొన్ని ఇంకా కదులుతున్నాయి. ఆ తర్వాత చెవుల్లో పిడుదులు. చెవి మడత తిప్పి, వేళ్ళ మధ్య నలపకుండా, పట్టకారుతో తల దగ్గర పట్టి నిదానంగా లాగి, సర్ఫు నీళ్ళ డబ్బాలో వెయ్యాలి. ఇదంతా చదివి మొహం చిట్లించుకున్నారా? చిట్లించుకోండి. ఫాస్టర్ అంటే ఫొటోలు తీసి స్టేటస్ పెట్టడం అనుకునేవాళ్ళకు ఇది ముందే తెలియాలి.

దాని మకాం మేడ మీద బాత్రూము, దాని ముందున్న చిన్న గది. మొదటి రెండు వారాలు కిందికి దిగనివ్వను. రోగం ఏదైనా ఉంటే ఈలోగా బయటపడుతుంది. పైకి వెళ్ళే చెప్పులు వేరు, చీపురు వేరు, గిన్నె వేరు. టీకాలు పూర్తికాని సొంత కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళు పొరపాటున కూడా షెల్టర్ పిల్లను తేవద్దు. తిండి విషయంలో మన ఇళ్ళకు ఒక చెడ్డ అలవాటు ఉంది, మిగిలిన కూరన్నం పడేస్తాం. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురుకు మంచివి కావు. మన ఏ కూరలో అవి లేవు చెప్పండి? ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, మెత్తటి అన్నం చాలు. గేదెపాలు తాగిస్తే విరేచనాలు ఖాయం.

మా అత్తమ్మ మొదట్లో ఇంట్లో కుక్క అంటేనే మడి చెడుతుందని గొడవ చేసింది. దేవుడి గది ఉన్న అంతస్తుకు రాకూడదన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఆమే నాకన్నా ముందు లేచి మెట్లెక్కుతుంది. కానీ పేరు మాత్రం పెట్టనివ్వదు. "పేరు వెడితే ఇగ ఉండిపోతది బిడ్డా, పేరు సాకేటోల్లు వెట్టుకుంటరు" అంటుంది. నల్లది, కుంటిది, తోకలేనిది, ఇలాగే పిలుస్తాం. ఇన్ని షెల్టర్ల వాళ్ళు నాకు చెప్పిన జాగ్రత్తల్లో ఇంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు.

ఎందుకంటే ఉంచేసుకోవడమే ఈ పనిలో అసలు ప్రమాదం. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుందని తెలుసు. ఒక పిల్ల వస్తుంది, దాన్ని ఇవ్వబుద్ధి కాదు, ఉంచేసుకుంటారు. అందరూ చప్పట్లు కొడతారు. రెండోది వస్తుంది, అదీ అంతే. మూడోదానికి ఇల్లు నిండిపోతుంది, ఇక ఆ ఇల్లు ఇంకే పిల్లకూ పనికిరాదు. అంతటితో ఆగినా బాగుండేది. చిన్న ఇంటి మేడ మీద ఎనిమిది కుక్కలను పెట్టుకున్నవాళ్ళను చూశాను. మంచి మనుషులే. కానీ రాత్రంతా మొరుగుళ్ళు, వాసన, పక్కింటివాళ్ళ ఫిర్యాదులు, చివరకు ఆ సందులో కుక్క అనే మాటే బూతు అయిపోయింది. ఆ సందులో ఇంకెవరైనా ఫాస్టర్ చెయ్యడానికి సాహసిస్తారా? ఒక్కటి మాత్రమే, అది వెళ్ళాకే ఇంకోటి. ఈ గీత దాటనని మా ఆయనకు మాటిచ్చాను. ఆ గీత ఉండబట్టే ఇంట్లో ఇంకా ఈ పని సాగుతోంది.

సరే, ఇచ్చేది ఎవరికి? ఇక్కడ హైదరాబాద్ వాలంటీర్లతో నాకు పెద్ద పేచీ ఉంది. వాళ్ళ దరఖాస్తు ఫారంలో పెంచుకునేవాళ్ళకు సొంత ఫ్లాట్ ఉందా, కుక్క సోఫా ఎక్కవచ్చా అని ప్రశ్నలుంటాయి. మన జిల్లాలో నాటు కుక్కపిల్లను అడిగి మరీ తీసుకుపోయేది ఎవరో తెలుసా? బత్తాయి తోటల రైతులు. కోతుల బాధ అలా ఉంది. కాయ పిందె దశ నుంచీ మందలు మందలుగా వచ్చి పడతాయి, రాత్రయితే అడవి పందులు. ఒక్క కుక్క తోటలో తిరుగుతుంటే కోతులు కాస్త వెనకాడతాయని వాళ్ళ నమ్మకం. "కాపలా కోసం ఇస్తారా, అది వాడుకోవడం కదా" అని ఒకమ్మాయి నాతో ఫోనులో గంటసేపు వాదించింది. నాకు అలా అనిపించదు. రెండు బెడ్రూముల ఫ్లాటులో రోజంతా తాళం వెనక కూర్చునే కుక్క కన్నా, పది ఎకరాల తోటలో మనిషి వెంట తిరుగుతూ మధ్యాహ్నం చెట్టు కింద పడుకునే కుక్క బతుకు తీసిపోయిందేమీ కాదు. దానికి ఒక పని ఉంది, ఒక మనిషి ఉన్నాడు.

అయితే రైతు కదా అని కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యను. తోటకు నేనే వెళ్ళి చూస్తాను. గొలుసు వేసి బోరు పక్కన కట్టేసే ఆలోచన ఉందా? తోటలో రాత్రిళ్ళు ఎవరైనా పడుకుంటారా, లేక కుక్కను ఒంటరిగా వదిలేసి ఊళ్ళోకి పోతారా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, పందుల కోసం చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ పెడుతున్నారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేల చూపులు చూస్తే అక్కడి నుంచి పిల్లను తీసుకుని వచ్చేస్తాను. ఆ తీగకు పంది పడుతుందో లేదో గానీ కుక్క పడుతుంది, మనిషీ పడతాడు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి కూడా అప్పుడే తేల్చుకుంటాం. మగదాన్ని అడిగినవాళ్ళతో ఆడదాన్ని తీసుకొమ్మని బేరమాడతాను. షెడ్డులో చివరికి మిగిలిపోయేవి ఆడపిల్లలే మరి. కుక్కల్లో కూడా అదే గోల. "ఆడది అయితే ఈన్తది మేడం, మాకెందుకు" అంటారు. ఈనకుండా చేసే పూచీ షెల్టర్‌ది అని రాసిస్తే కొందరు మెత్తబడతారు.

అసలు ఫాస్టర్ అంటే పిల్లలే గుర్తొస్తాయి గానీ, నా దృష్టిలో అంతకంటే అవసరమైనది ఆపరేషన్ అయిన ఆడకుక్కకు చోటివ్వడం. జంతు సంతాన నియంత్రణ నిబంధనలు 2023లో కొత్తగా వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ పట్టిన చోటే వదలాలి. చెవి కొసన చిన్న గాటు ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. కాగితం మీద బాగుంది. కుట్లు గట్టిపడడానికి పది రోజులైనా పడుతుంది. అంతవరకు పొడి నేల కావాలి, నాకకుండా చూసే మనిషి కావాలి. చిన్న ఊళ్ళలో బోన్లు చాలక నీరసంగా ఉన్నదాన్నే తెచ్చి వదిలేస్తే కుట్లు ఊడి పురుగు పడుతుంది. అది చూసిన సందులోవాళ్ళు ఇక జన్మలో ఇంకో కుక్కను ఆపరేషన్‌కు పట్టనివ్వరు. పెద్ద కుక్క అల్లరి చెయ్యదు, చెప్పులు కొరకదు, ఎక్కువ భాగం నిద్రపోతుంది. దాని చోటు దానికుంది కాబట్టి పెంచుకునేవాళ్ళను వెతికే పని కూడా లేదు. నా తోటి టీచరు అద్దె ఇంట్లో ఉంటుంది, ఓనరు కుక్క పేరెత్తితే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. ఈ పది రోజుల పద్ధతికి మాత్రం ఆయనా సరేనన్నాడు, తిరిగి వెళ్ళే తేదీ ముందే చెప్పారు కాబట్టి.

తేదీ లేకపోతే ఎవరికీ నమ్మకం కుదరదు. నేను దెబ్బతిన్నది అక్కడే. ఒక వాట్సాప్ గ్రూపు వాళ్ళు "రెండు వారాలే అక్కా" అని పిల్లను అప్పజెప్పి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. టీకా ఖర్చు నాదే, మనుషులను వెతకడమూ నాదే అయింది. ఇలా ఒక్కసారి జరిగితే చాలు, ఆ ఇల్లాలు మళ్ళీ ఈ జోలికి రాదు. కాబట్టి షెల్టర్లు నడిపేవాళ్ళతో నా పోట్లాట ఇదే: చోటు, సమయం మావి, వైద్యం ఖర్చు మీది, తేదీ కాగితం మీద ఉండాలి, ఆ రోజుకు ఎవరూ దొరక్కపోతే వెనక్కి తీసుకునే పూచీ మీది. దయ పేరు చెప్పి మొహమాటపెట్టొద్దు.

రేబిస్ సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించడం అన్యాయం. పిల్ల పంటి గాటయినా, గోరు గీసుకున్నా తేలిగ్గా తీసుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం పెట్టే వైద్యాలు వద్దు. నేను ముందస్తు టీకా వేయించుకున్నాను. అలా వేయించుకున్నవాళ్ళకు కరిచినప్పుడు రెండు డోసులు సరిపోతాయి, ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ అవసరం ఉండదు. తరచుగా ఫాస్టర్ చెయ్యాలనుకునేవాళ్ళు వేయించుకోవడం మంచిది. ఇంట్లో పాకే పిల్లలుంటే కొన్నేళ్ళు ఆగండి, ఏం కొంప మునగదు. పిల్లి పిల్లల విషయానికొస్తే, కళ్ళు తెరవనివాటికి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, రాత్రిళ్ళు కూడా. ఉద్యోగం చేసే నాలాంటిదానికి కుదరదు. నాలుగు వారాలు దాటినవే తీసుకుంటాను.

"మనుషులకే దిక్కులేదు, కుక్కలకు సేవలా" అనేవాళ్ళకు నేను జవాబివ్వను. వాళ్ళు మనుషులకేం చేస్తున్నారో నాకు తెలుసు. కానీ కుక్కల వల్ల నష్టపోయినవాళ్ళు అడిగితే తప్పకుండా నిలబడి మాట్లాడతాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన ఏ తల్లికీ కుక్కల మీద జాలి మిగలదు. సరిగ్గా ఏడాదికి, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ముసుగులేసుకున్న మనుషులు కారులో వచ్చి 20 వీధికుక్కలను తుపాకీతో కాల్చేశారు. ఈ రెండిటి మధ్యా మనకు ఇంకో దారి లేనట్టే మాట్లాడుకుంటున్నాం. 2025లో సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది, 22న ఆపరేషన్, టీకా చేసి వెనక్కి వదలమని దాన్ని మార్చింది, నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి మాత్రం తీసుకెళ్ళి షెల్టర్లలో పెట్టాలని, మళ్ళీ అక్కడే వదలొద్దని చెప్పింది. తీర్పు మంచిదా చెడ్డదా అని టీవీల్లో కొట్టుకున్నారు. నాకొచ్చిన అనుమానం చాలా చిన్నది. నల్లగొండ బస్టాండ్ కుక్కలను తీసుకెళ్ళి ఎక్కడ పెడతారు? ఆ నాలుగు రేకుల కిందేనా? ఆ షెడ్డులోంచి పిల్లలూ, కుట్లు పడ్డవీ, ముసలివీ ఇళ్ళకు తరలితే తప్ప, వేరే ఎక్కడా పెట్టలేని కుక్కకు అక్కడ చోటుండదు.

జాతి కుక్కల సంగతి వేరే కథ. లాక్‌డౌన్ తర్వాత మన ఊళ్ళలో కూడా మంచు దేశాల కుక్కలైన హస్కీలు కనిపించాయి, మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్ళో. కొన్నవాళ్ళకు వేసవి కరెంటు బిల్లు వచ్చాక జ్ఞానోదయం అవుతుంది, బైపాస్ దగ్గర దింపేసి పోతారు. పెంపుడు జంతువును అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. గడియారం సెంటర్లో ప్లేటు మిర్చి బజ్జీకి సరిపోయే డబ్బులు.

అందుకే వేసవిలో నా అభ్యర్థన ఇంకో రకంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద ముసలి కుక్కలు నిలవలేవు. వాటికి ఆట అక్కర్లేదు, నడిపించక్కర్లేదు, నీడ పట్టున గచ్చు, నీళ్ళ గిన్నె, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కూలర్ గాలి తగిలితే చాలు. స్కూళ్ళకు సెలవులు కాబట్టి పిల్లలు ఇంట్లోనే ఉంటారు, నీళ్ళు మార్చే పని వాళ్ళకు చెప్పవచ్చు. జూన్‌లో వానలు పడగానే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఉగాది దాటాక మీ దగ్గర్లోని షెల్టర్‌కు ఫోన్ చేసి, ముసలిది ఏదైనా ఉంటే రెండు నెలలు మా వరండాలో ఉంచుకుంటామని చెప్పండి.